బూట్లు విప్పిన చోట: బ్లాక్ రాక్ దాడి, ఒక కేస్ స్టడీ

హనుమకొండ నయీంనగర్‌లో ఒక మేడ మీది గదిలో సాయంత్రాలు పిల్లలను ఎస్ఎస్‌బీకి, అంటే సైన్యంలో ఆఫీసర్లను ఎంపిక చేసే పరీక్షకు, తయారు చేస్తుంటాను. ఇన్‌ఫాంట్రీలో, అంటే కాల్బలంలో, 24 ఏళ్లు చేసి సుబేదార్‌గా పింఛనుకొచ్చాను. ఆఫీసర్‌ను కాదు. ‘ఆఫీసర్ కానివాడివి, ఆఫీసర్లయ్యే పిల్లలకు ఏం చెప్తావ్?’ అని మొదట్లో మొహం మీదే అడిగినవాళ్లున్నారు. ఏ ఆఫీసర్ వెనక జవాన్లు నడుస్తారో, ఎవరి వెనక కాళ్లీడుస్తారో 24 ఏళ్లు చూసింది మేమే కదా. నాకున్న అర్హత అదొక్కటే.

ప్రతి బ్యాచ్‌లో ఒక సాయంత్రం మొత్తం ఒకే ఒక్క యుద్ధ ఘటన మీద కూర్చుంటాం. కార్గిల్ అనగానే పిల్లలు కెప్టెన్ విక్రమ్ బాత్రా అంటారు, కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే అంటారు. ఇద్దరూ పరమవీరులే. కానీ వాళ్ల కథ మొదలుపెట్టేలోపే పిల్లలకు ముగింపు తెలిసి ఉంటుంది. తెలిసిన కథకు తల ఊపుతారే తప్ప ఆలోచించరు. అందుకే నేను తీసుకునేది కెప్టెన్ నెయికెఝాకువో కెంగురుసె కేసు. పరమవీర చక్ర తర్వాతి పతకం మహావీర్ చక్ర, మరణానంతరం. పేరు పలకడానికే మా పిల్లలకు రెండు రోజులు పడుతుంది. ఇంతవరకు ఏ బ్యాచ్‌లోనూ ఆయన గురించి ముందే తెలిసినవాడు దొరకలేదు. నాకు కావలసింది అదే.

మనిషి

నాగాలాండ్, కోహిమా దగ్గర నెర్హెమా ఊరు. అంగామీ తెగ. 1974 జూలై 15న పుట్టాడు. సైన్యంలోకి రాకముందు కోహిమాలో బడి పంతులు. 1998 డిసెంబర్‌లో ఆఫీసర్‌గా కమిషన్ అయ్యాడు, అదీ ఆర్మీ సర్వీస్ కోర్‌లో. అంటే రేషన్, పెట్రోలు, రవాణా చూసే విభాగం. ‘పప్పు బియ్యం పల్టన్’ అని మేం జవాన్లం వాళ్లను ఆటపట్టించేవాళ్లం, ఆ మాటకు ఇప్పుడు సిగ్గుపడతాను. ఆ విభాగంలో చేరిన కుర్ర ఆఫీసర్లు మొదట కొంతకాలం ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌లో పని నేర్చుకోవాలి. ఈయన 2వ రాజ్‌పుతానా రైఫిల్స్‌కి వచ్చాడు. ఇంట్లో పిలిచే పేరు నెయ్‌బు. రాజస్థాన్, హరియాణా జవాన్ల నోట అది ‘నింబూ సాబ్’ అయింది. జవాన్లు ఆఫీసర్‌కు ముద్దుపేరు పెట్టారంటే ఆయన వాళ్లతో లంగర్‌లో, అంటే జవాన్ల వంటశాలలో, కూర్చుని తిన్నాడని అర్థం. ఇది నా అనుభవం మీద చెప్తున్న మాట, రికార్డులో వెతక్కండి.

ఘాతక్ ప్లటూన్ కమాండర్ ఆయనే. ప్రతి ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌లో ఏరి తీసిన సుమారు 20 మందితో ఒక ఘాతక్ దళం ఉంటుంది. బెటాలియన్‌లోని మామూలు పెద్ద దళం, అంటే కంపెనీ, వెళ్లలేని చోటికి దాన్ని పంపుతారు. కమిషన్ అయి ఏడు నెలలు నిండని, ఇన్‌ఫాంట్రీలో పుట్టని కుర్రాడికి ఆ దళం ఎట్లా అప్పజెప్పారని పిల్లలు అడుగుతారు. కమాండింగ్ ఆఫీసర్ మనిషిని చూశాడు, భుజం మీది బ్యాడ్జీని చూడలేదు.

ఆ రాత్రి

1999 జూన్ 13 తెల్లవారుజామున తోలోలింగ్ శిఖరం ఇదే బెటాలియన్ చేతికి వచ్చింది. మేజర్ వివేక్ గుప్తా అక్కడ ప్రాణం ఇచ్చాడు. రెండు వారాలైనా గడిచాయో లేదో అదే బెటాలియన్‌కు తర్వాతి పని పడింది: ద్రాస్‌లో నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అని పేర్లు పెట్టుకున్న శిఖరాలు. కింద శ్రీనగర్–లేహ్ రోడ్డు. పైన ఉన్నవాడికి రోడ్డు మీది ప్రతి లారీ అరచేతిలో గీతంత స్పష్టంగా కనబడుతుంది. లేహ్‌కూ సియాచిన్‌కూ సరుకు పోయే దారి అది.

దాడి జూన్ 28 రాత్రి. ఆ రాత్రి పౌర్ణమి.

ఇక్కడ ఒక నిమిషం ఆగుతాను. మన ఊళ్లో పౌర్ణమి అంటే మేడ మీద పడకలు. గడ్డి పరక మొలవని కొండ మీద పౌర్ణమి అంటే మీ నీడ మీకన్నా ముందు శత్రువుకు కనబడటం. రాత్రి దాడికి చీకటే సగం బలం, ఆ సగం ఆ రాత్రి లేదు. ఎత్తు సుమారు 16 వేల అడుగులు. అక్కడి గాలిలో మన హనుమకొండ గాలిలో ఉన్న ప్రాణవాయువు సగం కాస్త పైన దొరుకుతుంది. పది అడుగులు ఎక్కితే మూడు సార్లు ఆగాలి. చలి సున్నాకు పది డిగ్రీలు దిగువ.

కంపెనీలు వెళ్లాల్సిన దారులన్నిటినీ ఒక మెషిన్‌గన్ అడ్డుకుంటోంది. బ్లాక్ రాక్ అనే చోట, నిట్టనిలువు కొండచరియ మీద, చక్కగా చోటు చూసుకుని పెట్టిన గన్ అది. దాన్ని ఆపకపోతే మిగిలిన దాడి ముందుకు కదలదు. ఘాతక్ ప్లటూన్‌కు అప్పజెప్పిన పని అదీ.

అదే రాత్రి, అదే బెటాలియన్‌లో, పక్క శిఖరం మీద మన హైదరాబాద్ మనిషి మేజర్ పద్మపాణి ఆచార్య ఉన్నాడు. ఉస్మానియాలో చదివినవాడు. జూన్ 19న తండ్రికి రాసిన ఉత్తరంలో, కడుపుతో ఉన్న భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని కోరాడు, పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బాలని. ఆయన కంపెనీలోనే 22 ఏళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్. ఆ దాడిలో ఇద్దరూ తిరిగి రాలేదు. ఆచార్యకు మహావీర్ చక్ర, థాపర్‌కు వీర్ చక్ర. ఒక్క బెటాలియన్, ఒక్క దాడి, ముగ్గురు ఆఫీసర్లు. ఈ లెక్క చెప్పినప్పుడు గదిలో ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది.

కెంగురుసె దళం చరియ ఎక్కుతుండగా మోర్టార్లు, ఆటోమేటిక్ గన్లు మీద పడ్డాయి. చాలామందికి గాయాలు. ఆఫీసర్ పొట్టలో షెల్ పెంకు దిగింది. రక్తం కారుతూనే ఉంది, అయినా ఆగవద్దని మనుషులను పైకి తోలాడు. ఆఖరి మెట్టు దగ్గరికి చేరేసరికి ముందు ఒక రాతి గోడ. నున్నగా, నిలువుగా. గోడ మీద మెషిన్‌గన్. గోడ కింద వీళ్లు.

సరిగ్గా ఇక్కడ కథ ఆపేస్తాను.

గోడ దగ్గర

‘మూడు నిమిషాలు. మీరే ఆఫీసర్. పొట్టలో పెంకు ఉంది. తర్వాత ఏం చేస్తారో కాగితం మీద రాయండి. భాష ఏదైనా సరే.’

పోయిన బ్యాచ్‌లో 16 మంది, అందులో ఇద్దరమ్మాయిలు. కాగితాలు తిరిగి వచ్చాక బిగ్గరగా చదివాను, పేర్లు చెప్పకుండా.

ఆరుగురు దూకారు. ఎక్కడినుంచి ఎక్కడికి దూకారో తెలియదు, గోడ కింద నిలబడి పైకి దూకడం ఎట్లానో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. వాళ్లలో ఒకడు పర్కాల వైపు కుర్రాడు, బీటెక్, ఎస్ఎస్‌బీలో రెండుసార్లు ఐదో రోజు దాకా వెళ్లి ఆఖరి కాన్ఫరెన్స్‌లో వెనక్కి వచ్చినవాడు. తెలివైనవాడు, మాటకారి, మైలు పరుగు అయిదున్నర నిమిషాల లోపే. వాడి కాగితంలో ఇట్లా ఉంది: ‘ప్రాణాలకు తెగించి, భారతమాతకు జై కొట్టి, శత్రువులందరినీ మట్టుబెడతాను.’ ఈ కేసు రాయడానికి అసలు కారణం వీడే. మళ్లీ వస్తాను.

నలుగురు ఫిరంగులు కొట్టమని వైర్‌లెస్‌లో అడిగారు. చెడ్డ జవాబు కాదు. కానీ శత్రువుకు మీకు మధ్య ఉన్నది గోడ ఎత్తంతే. ఫిరంగి గుండుకు మనవాడు, వాడివాడు అని తెలియదు. అందుకే దాడి దళం దగ్గరికి చేరగానే ఫిరంగుల గురి ముందుకు జరిగిపోతుంది. అవి ఆగిన క్షణానికీ, బంకర్‌లో తలవంచుకుని కూర్చున్నవాడు మళ్లీ ట్రిగ్గర్ మీదికి వచ్చే క్షణానికీ మధ్య ఉన్న చిన్న సందులోనే ఇన్‌ఫాంట్రీ బతుకంతా ఉంటుంది.

ముగ్గురు వెనక్కి తిరిగి వేరే దారి వెతుకుతామన్నారు. కింద కంపెనీలు ఈ గన్ ఆగుతుందని నమ్మి బయల్దేరాయి కదా, వాళ్లకేం చెప్తారంటే నోరు మెదపలేదు.

ఒకమ్మాయి, కాశీబుగ్గ పిల్ల, ‘ముందు నా పొట్టకు కట్టు కట్టమంటాను, పది నిమిషాలైనా నిలబడాలి కదా’ అని రాసింది. మెచ్చుకున్నాను. ప్రతి జవాను జేబులో ఫస్ట్ ఫీల్డ్ డ్రెస్సింగ్ ఉంటుంది, దాన్ని మర్చిపోయి చచ్చిపోయినవాళ్లున్నారు. అమ్మాయిలకు ఇన్‌ఫాంట్రీ తలుపు ఇంకా తెరుచుకోలేదు. తెరుచుకున్న రోజున ఈ పిల్ల లాంటివాళ్లు వరుసలో ముందుంటారు. రెండో అమ్మాయిది ఖాళీ కాగితం.

పదహారో కాగితంలో రెండే మాటలు. ‘బూట్లు ఇప్పుత.’

అందరూ నవ్వారు. రాసినవాడు తలవంచుకున్నాడు. వర్ధన్నపేట దగ్గరి పల్లె, డిగ్రీ మొన్ననే అయింది, ఇంగ్లిష్ తడబడుతుంది, గ్రూప్ డిస్కషన్‌లో నోరు తెరిచేలోపు టైమ్ అయిపోతుంది. నేను మాత్రం నవ్వలేదు. నాలుగేళ్లుగా ఈ ప్రశ్న అడుగుతున్నాను, ఈ జవాబు రాసిన మొదటివాడు.

‘ఎందుకు విప్పుతావ్ బేటా?’

‘మా నాయిన గౌడు సార్. తాటిచెట్లెక్కి కల్లు గీస్తడు. మోకు, ముత్తాదు ఎన్నున్నా చెప్పులు చెట్టు కిందనే ఇడుస్తడు.’

‘ఎందుకు?’

‘కాలుకు తెల్వాలె సార్. చెయ్యికన్నా ముందుగాల కాలే చెప్తది, జారుతదా ఆగుతదా అని. చెప్పులేసుకుంటే కాలు మూగదైతది.’

కాలు మూగదైతది. ఆ మాట బోర్డు మీద రాసి పెట్టాను. మూడు రోజులు చెరపలేదు.

ఆ తర్వాత జరిగింది చదివాను. కెంగురుసె బూట్లు విప్పాడు. రాకెట్ లాంచర్ వెంట పెట్టుకుని, వట్టి కాళ్లతో గోడ ఎక్కాడు. పైనుంచి శత్రువు మకాం మీదికి రాకెట్ పేల్చాడు. తర్వాత రైఫిల్‌తో ఇద్దరిని, మీదికి వచ్చినవాళ్లలో ఇద్దరిని కమాండో కత్తితో పడగొట్టాడు. ఆ పోరులోనే తూటాలు తగిలి చరియ మీదినుంచి కిందికి పడిపోయాడు. 25 నిండటానికి ఇంకా 17 రోజులుంది. కిందున్న ఆయన మనుషులు ఆగలేదు, పైకి వెళ్లి మిగిలిన పని ముగించారు.

మెట్టుగుట్ట

ఆ ఆదివారం పిల్లలను మడికొండ మెట్టుగుట్టకు తీసుకెళ్లాను. మెట్ల దారిన కాదు, పక్కనున్న బండల దగ్గరికి. ముందురోజు సన్న జల్లు పడింది, రాయి ఇంకా చెమ్మగా ఉంది. సైన్యంలో వేసుకున్న నా పాత డీఎంఎస్ బూట్లు సంచిలో వేసుకెళ్లాను. ఎనిమిదో నంబరు, చాలామందికి సరిపోతాయి.

మనిషి ఎత్తుకు కాస్త పైన ఉండే బండ ఒకటి చూశాను. అంతకు మించి ఎక్కనివ్వలేదు, వాళ్ల తల్లిదండ్రులకు జవాబు చెప్పాల్సింది నేనే. మొదట బూట్లతో. అచ్చుపోసిన రబ్బరు అడుగు వంగదు. బండ మీద బొటనవేలంత బొడిపె ఉంటే దాన్ని పూర్తిగా కప్పేస్తుంది, కింద ఏముందో కాలికి తెలియనివ్వదు. బీటెక్ కుర్రాడు ఊపు మీద నాలుగడుగులు వేశాడు, అయిదో అడుగుకు సర్రున జారి మోచేయి గీరుకుపోయింది. తర్వాత వట్టి కాళ్లతో. గౌడు కొడుకు వెళ్లే తీరు అందరినీ దగ్గరగా నిలబెట్టి చూపించాను. వాడు పైకి చూడడు. పాదం పెట్టి, వేళ్లను ఒకసారి ముడిచి, కాసేపు ఆగి, అప్పుడు బరువు వేస్తాడు. బండ పగులులో చిటికెన వేలు పట్టే సందు దొరికితే చాలు. వాడి మొహంలో తెగింపు ఏమీ లేదు. సైకిల్ పంచర్ వేసేవాడు ట్యూబులో గాలి బుడగ కోసం నీళ్లలోకి చూస్తాడే, ఆ మొహం.

దాన్ని చూడమన్నాను. అవార్డు పత్రంలో ఉన్న పనులన్నీ మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి అన్నాను: ఎక్కాడు, పురమాయించాడు, విప్పాడు, మోశాడు, పేల్చాడు. ఒక్కోటీ చేతికో కాలికో సంబంధించిన పని. గోడ కింద నిలబడ్డవాడు ‘నేను వీరుణ్నా కాదా’ అని ఆలోచించలేదు, ‘ఈ రాయి మీద ఏం ఆగుతుంది’ అని ఆలోచించాడు. నా బుర్రకు తోచినంతలో ధైర్యం అంటే అదే. భయం ఉన్నా పర్వాలేదు, పని కనబడుతోందా లేదా.

గుట్ట మీదే ఇంకొకటి చూపించాను. బండ పైన ఒక కర్రను గన్ లాగా పట్టుకుని బోర్లా పడుకున్నాను. కిందినుంచి పిల్లలను నడిచి రమ్మన్నాను. యాభై అడుగుల దూరంలో ప్రతివాడూ కనబడ్డాడు. బండ మొదట్లోకి వచ్చేసరికి ఒక్కడూ కనబడలేదు. గన్ గొట్టం అంత కిందికి వంగదు, వంచాలంటే నేను లేచి బయటికి ఒరగాలి, ఒరిగితే నేను దొరుకుతాను. దీన్ని మేం డెడ్ గ్రౌండ్ అంటాం. ‘చచ్చిన నేల’ అని పిల్లలు తర్జుమా చేశారు గానీ అక్కడే బతికేది. మనిషి ఎక్కలేడని శత్రువు నమ్మిన నిలువు గోడే దాడి చేసేవాడికి అన్నిటికన్నా భద్రమైన చోటు, ఆఖరి రెండు అడుగుల దాకా. వారం తిరక్కుండా టైగర్ హిల్ మీద 18 గ్రెనేడియర్స్ ఘాతక్ దళం చేసిందీ ఇదే, తాళ్లు కట్టి. 19 ఏళ్ల యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్ర వచ్చిన పోరు అది.

మరి లాంచర్ ఎందుకు? ఆ గాయంతో అంత బరువు ఎందుకు మోశాడని బీటెక్ కుర్రాడు అడిగాడు. వాడు అడిగిన మొదటి పనికొచ్చే ప్రశ్న. అక్కడి బంకర్లు రాళ్లు పేర్చి కట్టిన సంగర్లు. రైఫిల్ తూటా రాతికి తగిలి చిట్లుతుంది. గోడ కిందినుంచి రాకెట్ పేలిస్తే రాయిని కొడుతుంది, లేదా ఆకాశాన్ని. అది గన్ మట్టానికి చేరితేనే పనికొస్తుంది. అంటే ఎవరో ఒకరు దాన్ని గోడ మీదికి మొయ్యాలి. రైఫిల్ ఒక్కటే తీసుకుని పోతే ఎక్కడం తేలిక, కానీ ఎక్కాక చేసేదేమీ లేదు.

బూట్ల గురించి ఒక హెచ్చరిక

ఇక్కడే పిల్లలు తప్పు దారి పడతారు. మర్నాడు కాకతీయ యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఇద్దరు బూట్లు లేకుండా పరుగుకు వచ్చారు, కెంగురుసె లాగా అని. చీవాట్లు పెట్టి వెనక్కి పంపాను.

చలి కొండల్లో బూటు అంటే ప్రాణం. నేను ఎత్తైన పోస్టులో ఉన్నప్పుడు మా సెక్షన్‌లో ఒక జవాను తడి సాక్సులు మార్చుకోవడానికి బద్ధకించి ఒక రాత్రి డ్యూటీ చేశాడు. తెల్లారి రెండు వేళ్లు మైనం ముద్దల్లా ఉన్నాయి. తర్వాత నల్లబడ్డాయి, తర్వాత తీసేశారు. అప్పుడు సెక్షన్ కమాండర్‌ను నేనే. సాక్సులు చూడటం నా పని, చూడలేదు. ఆ వేళ్లు ఇప్పటికీ నా లెక్కలోనే ఉన్నాయి.

ఆ చలిలో వట్టి పాదాన్ని రాతి మీద పెడితే స్పర్శ నిమిషాల్లో పోతుంది. ఆ సంగతి కెంగురుసెకు తెలియదా? కొండల్లో పుట్టినవాడు. తెలిసే విప్పాడు. ఆ పాదాలతో ఆయనకు కావలసింది ఒక్క గోడ. రేపటికి అవి ఉంటాయా ఊడతాయా అన్నది రేపటి మాట. మా అమ్మ పండగ పూట దాచుకున్న నోటు తీసి ఖర్చు పెట్టేది, అనవసరంగా ఒక్క రూపాయి తీసేది కాదు, అవసరమైనప్పుడు లెక్క చూసేది కాదు. ఆయన పాదాలను అట్లా ఖర్చు పెట్టాడు. అదే మనిషి మర్నాడు పోస్టులో ఉంటే జవాన్ల సాక్సులు తడిమి చూసి ఉండేవాడని నా నమ్మకం.

ఒప్పుకోని మాట

ఈ కేసును ఒక రిటైర్డ్ ఆఫీసర్ ముందు పెట్టాను, హనుమకొండలోనే ఉంటారు. ఆయన ఒప్పుకోలేదు. ‘సాబ్, ప్లటూన్ కమాండర్ పని ఎక్కడం కాదు, ఎక్కించడం. ఆఫీసర్ పడిపోతే దళం ఆగిపోతుంది. పిల్లలకు తప్పు నేర్పుతున్నారు’ అన్నారు. మామూలు రోజుల్లో ఆయన మాటే పుస్తకం మాట. కార్గిల్‌లో కుర్ర ఆఫీసర్లు లెక్కకు మించి పోయారు. దాన్ని గొప్పగా చెప్పుకోవడం నాకూ ఇష్టం ఉండదు. పౌర్ణమి వెలుగులో ఎదురుగా ఎక్కే పరిస్థితి రాకుండా చూడటం పైవాళ్ల పని. ఆ ప్రశ్నను వీర గాథల కింద తొక్కిపెట్టకూడదు.

కానీ గోడ దగ్గర లెక్క వేరు. ఉన్నదే 20 మంది దళం, చాలామంది గాయపడ్డారు. ఎవరినో ఒకరిని పంపాలి, వెళ్లినవాడు తిరిగి రాడని అందరికీ తెలుసు. ఆ ఆజ్ఞ ఇచ్చాక కింద నిలబడితే మిగిలినవాళ్లు మళ్లీ ఆ ఆఫీసర్ కళ్లలోకి చూస్తారా? నేను జవాను వైపునుంచి చెప్తున్నాను: చూడరు. ఇక దళం ఆగిపోతుందన్న మాటకు ఆ రాత్రే జవాబుంది. ఆయన పడ్డాక దళం ఆగలేదు. పని ఏమిటో, ఎట్లా చేయాలో ప్రతివాడికీ ముందే తెలుసు. అది ఆ రాత్రి పుట్టిన సంగతి కాదు, అంతకుముందు ఆరు నెలలు కూర్చుని చెప్పిన పాఠం. ఎంతైనా పంతులు.

ఆయనా నేనూ టీ రెండోసారి తెప్పించుకున్నాం గానీ ఈ విషయం తేలలేదు. ఇప్పుడు బ్యాచ్‌లో ఆయన వాదన కూడా చెప్తున్నాను.

బీటెక్ కుర్రాడి కాగితాలు

ఎస్ఎస్‌బీ రాత పరీక్షల్లో ఒకదాంట్లో 60 పరిస్థితులు ఇస్తారు, 30 నిమిషాలు. ఒక్కోదానికి ఏం చేస్తావో ఒకటి రెండు ముక్కల్లో రాయాలి. వీడు రెండుసార్లు ఎందుకు వెనక్కి వచ్చాడో నాకు వీడి ప్రాక్టీసు కాగితాలు చూస్తే అర్థమైంది. ఎక్కడ చూసినా తెగింపే. ఇల్లు కాలితే మంటల్లోకి, దొంగలొస్తే కత్తుల మీదికి, రైలు పట్టా విరిగితే ఎర్ర చొక్కా ఊపుతూ పట్టాల మీదికి. చదివేవాడికి వీడి చేతులు ఏం చేస్తున్నాయో కనబడదు. వీడితో ఉన్న మనుషులు అసలే కనబడరు.

నేను ఇచ్చిన ఒక పరిస్థితి: వానాకాలం, ట్రాక్టర్ ట్రాలీలో 12 మందితో జంపన్నవాగు దాటుతున్నావు, నడుమ ఇంజిన్ ఆగింది, నీళ్లు పెరుగుతున్నాయి. మెట్టుగుట్టకు ముందు వాడు ఇంగ్లిష్‌లో రాసినదాన్ని తెలుగులో చెప్తే ఇది: ‘నిర్భయంగా వాగులో దూకి అందరినీ ఒక్కొక్కరిగా భుజాన వేసుకుని ఒడ్డుకు చేర్చాడు.’

12 మందిని. పెరుగుతున్న వాగులో. ఒక్కొక్కరిగా.

మెట్టుగుట్ట తర్వాత వారానికి అదే పరిస్థితికి మళ్లీ రాయమన్నాను. తెచ్చాడు: ‘ముసలివాళ్లను, పిల్లలను ట్రాలీలో ఎత్తైన వైపు కూర్చోబెట్టి, ఒడ్డున ఉన్నవాళ్లను కేకేసి తాడు తెప్పించి, బూట్లు విప్పి, ఈత వచ్చిన ఇంకొకరితో కలిసి తాడు ఒడ్డుకు కట్టి, తాడు పట్టించి ఒక్కొక్కరిని దాటించాడు.’

మనుషులు కనబడుతున్నారు, తాడు కనబడుతోంది. బాగుంది అనుకుంటూ చదివి ఒక మాట దగ్గర ఆగాను.

‘బూట్లెందుకు విప్పినవ్?’

‘కేసులో ఉంది కదా సార్.’

గౌడు కొడుకు వెనక బెంచీలోంచి, ఎవరూ అడక్కుండానే, మొదటిసారి నోరు తెరిచాడు. ‘వాగుల రాళ్లుంటయ్, తుమ్మ ముండ్లుంటయ్, పలిగిన సీసాలుంటయ్. గాడ ఇప్పొద్దన్నా, కాలు తెగితే నడుమనే కూలబడ్తవ్.’

నేను ఎర్ర పెన్ను తీసి ‘బూట్లు విప్పి’ కొట్టేశాను. మూడు రోజులకు కొత్త కాగితం తెచ్చాడు. అందులో బూట్లు కాలికే ఉన్నాయి, ఇంజిన్ ఎందుకు ఆగిందో చూడమని డ్రైవర్‌కు చెప్పడం ఉంది, వాగు ఎంత వేగంగా పెరుగుతోందో కర్ర గుచ్చి గుర్తు పెట్టడం ఉంది, ఎవరు ముందు ఎవరు వెనక అన్నది ఉంది. ఏడు లైన్లు.

‘మంచిగుంది బేటా,’ అన్నాను. ‘కానీ ఇట్లాంటివి 60 రాయాలె, అరగంటల.’